రెండు రెక్కల మధ్య తీగ

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో చెర ఉంది, కాపలా ఉంది, తప్పించుకునే ప్రయత్నమూ ఉంది. అంత లేదులెండి. ఫరీదాబాద్‌లో నేనొక తలుపుకు రంగు వేశాను.

తలుపు మా ఇంటి ఓనరు ఆంటీది. కాకినాడ వైపు నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. రెండు రెక్కల పాత తలుపు లోపలివైపు, చనిపోయిన అంకుల్ రంగులతో వేసిన ద్రాక్షతీగ, పావురాలు వెలిసిపోయి ఉండేవి. ఒక ఆదివారం ఏమీ తోచక ఎడమ రెక్క మీది ఆకులకు పచ్చరంగు దిద్దాను. బాగానే వచ్చింది. అదే నా కొంప ముంచింది. ఎడమ రెక్క మెరిసేసరికి కుడిది జ్వరం పడి లేచినట్టు కనబడసాగింది.

ఈలోగా ఢిల్లీకి అటువైపు ఇందిరాపురంలో స్నేహితుల ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయింది. శనివారం సాయంత్రంలోగా సామానుతో దిగకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

ఆంటీకి చెప్పాను. "అచ్ఛా, వెళ్లు బాబూ. సగం కట్టు కట్టి పేషెంటుని వదిలేస్తావా ఏంటి?" అన్నారు.

శనివారం పొద్దున్నే కుడి రెక్క మొదలుపెట్టాను. ఆకులయ్యాక పావురాలు పాలిపోయినట్టున్నాయి. పావురాలయ్యాక ద్రాక్షపళ్లు ఎండినట్టున్నాయి. చివరికి తీగ మిగిలింది. రెండు రెక్కల మీదా అంచుదాకా వచ్చి ఆగిపోయి ఉంది. కలపమన్నారు ఆంటీ. తలుపు మూసి, సందు మీదుగా గీసి, వెనక్కి జరిగి మురిసిపోయాను. అప్పుడు గమనించాను, నేనూ నా సూట్‌కేసూ లోపలే ఉన్నాం. కిటికీలకు ఊచలు. ఇంటికి వేరే దారి లేదు.

"కొంచెం తెరవనా ఆంటీ?"

"తెరిస్తే తీగ తెగుద్ది. ఆరనీ."

ఫ్లాట్ నుంచి స్నేహితుడి ఫోను. "రేయ్, వస్తున్నావా లేదా? ఇక్కడొకడు పరుపుతో సహా దిగాడు."

"తలుపు ఆరుతోందిరా."

"ఏం ఆరుతోంది?"

ఆంటీ తడి తీగ మీద నెమ్మదిగా ఊదుతున్నారు. "ఆయన ఇక్కడిదాకా వేశారు. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చాం," అన్నారు.

నా కళ్లు చెమర్చాయి. టర్పెంటైను ఘాటుకి అలాగే అవుతుంది. "వాణ్ణి ఉండమను," అని ఫోను పెట్టేశాను.

వానాకాలంలో ఎనామెల్ రంగు ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. డబ్బా వెనక రాసి ఉంటుంది.