తమ్ముడి మందుండ

ఆరేళ్లొచ్చినా మా తమ్ముడు పక్క తడిపేవాడు. నాకు తొమ్మిది. నేను తడిపేదాన్ని కాదు, అదే నా పాపమైంది. పొద్దున్నే అమ్మ వాడి బొంతను దడి మీద ఆరేసి, వాణ్ణి ఒళ్లోకి తీసుకుని "ఏం కాదు బిడ్డా" అని తల నిమిరేది. నేను జడ వెయ్యమని దువ్వెన పట్టుకెళ్తే "నీకు చేతుల్లేవా ఏందే?" అనేది. ఒళ్లు మండిపోయేది నాకు.

అంతటితో ఆగిందా! అంగడికి ఇప్పపువ్వు తెచ్చే ముసలవ్వ చెప్పిందని, అమ్మ ఎండిన ఇప్పపువ్వునూ నువ్వులనూ వేయించి, బెల్లం వేసి దంచి, ఉండలు కట్టింది. రోజూ సాయంత్రం వాడికొకటి.

"నాకో?"

"అది మందే. నువ్వేమన్న పక్క తడుపుతున్నవా?"

మందట! దవాఖానాలో ఇచ్చే చేదు మాత్రలు మందు గానీ, ఇదేం మందు? పైగా వారం రోజులు పక్క తడపకపోతే కొత్తగూడెంలో పిన్ని దగ్గరికి తీసుకెళ్లి రైలు చూపిస్తానంది వాడికి. అప్పటికి పక్క తడపకుండా నాలుగు రోజులు గడిచాయి. వాడు వేళ్లు మడుచుకుంటూ తిరుగుతున్నాడు. నన్ను రమ్మన్నవాళ్లే లేరు.

మర్నాడు పొద్దున అమ్మ వాకిలి ఊడ్వడానికి వెళ్లగానే చెంబెడు నీళ్లు నా బొంత మీద గుమ్మరించుకుని, కళ్లు మూసుకుని పడుకున్నాను. అమ్మ వచ్చి తడిమింది. వంగి వాసన చూసింది.

"చెంబు ఏడ వెట్టినవే?" అంది, అంతే.

ఆ రోజు దడి మీద నా బొంత ఒక్కటే ఆరింది. సాయంత్రం మాత్రం ఉండ తమ్ముడికే ఇచ్చింది.

అమ్మ అటు తిరగగానే వాడు నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు. "అక్కా, నీకు సుత గట్లనే అయితాందా?" ఉండ నా చేతిలో పెట్టాడు. "తిను. లేకుంటే పిన్నోళ్లింటికి నిన్ను తోల్కపోరు."

"మరి నీకో?"

"నాకు తర్వాత తగ్గుతది తియ్."

సిగ్గు లేకుండా తిన్నాను. వేళ్లు కూడా నాకాను.

తెల్లారి అమ్మ మళ్లీ వాడి బొంతను దడి మీద వేసింది. మడిచిన వేళ్లన్నీ వాడు విప్పేసుకోవాలి. పిన్ని ఇల్లు లేదు, రైలు లేదు. వాడు మాత్రం పరుగెత్తుకొచ్చి నా బొంతను రెండు చేతులతో తడిమి చూసి ఎగిరి గంతేశాడు.

"అక్కా! నీకు తగ్గిందే!"