కుప్పంలో చదివిన అయిదు క్యాన్సర్ల పేర్లు

నాకు లాలాజల గ్రంథిలో క్యాన్సర్ అని తెలిసి నాలుగు నెలలైంది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చిందేమోనని డాక్టరు అనుమానం. మామూలు స్కాన్‌లో ఏదీ తేలలేదు. అంతలో ఫోన్‌లో ఒక మెసేజ్ చూశాను. కుప్పం దగ్గర ఒక ఆసుపత్రిలో కొత్త స్కాన్ మందును పరీక్షిస్తున్నారట, అది ఎక్కించి స్కాన్ తీస్తే చిన్న గడ్డ కూడా కనిపిస్తుందట. ఏయే క్యాన్సర్లకో అందులో రాయలేదు. కనుక్కుందామని బయలుదేరాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు.

ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరులో టీ తాగి, పలమనేరు, వి.కోట మీదుగా పోయే కుప్పం బస్సు పట్టుకున్నాను. ప్రభుత్వ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పక్క సీటులో చౌడేపల్లె రైతు ఒకామె, "యాడికి పోతాండావమ్మా?" అంది. "చుట్టాలింటికి" అని కిటికీ వైపు తిరిగాను.

కుప్పం బస్టాండు నుంచి ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర. ఆ మందు పరీక్ష, అంటే ట్రయల్, చూసే డాక్టరు మేడమ్ ఇంకా రాలేదు. బెంచీ మీద పుంగనూరు టైలర్ ఒకాయన భార్యతో కూర్చుని ఉన్నాడు. ఆమెకు అండాశయ క్యాన్సర్. ఆసుపత్రివాళ్లు ట్రయల్ గురించి ఇచ్చిన కాగితాన్ని ఆయన నాకు అందించాడు.

"కండ్లద్దాలు మర్సిపోయినానమ్మా. దీంట్లో మా ఆమె జబ్బు ఉండాదేమో సూసి సెప్తావా?"

పైకి చదివాను. రొమ్ము, అండాశయం, క్లోమం, జీర్ణాశయం, పెద్దపేగు.

"ఉంది, రెండోది" అన్నాను. ఆయన భార్యతో ఉర్దూలో చెప్పాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను ఇంకోసారి, లోపల్లోపల, మొత్తం చదువుకున్నాను. నాది లేదు.

మేడమ్ వచ్చాక అడిగాను. "ఈ అయిదింటికే అనుమతి ఉండాదమ్మా. ఇది జబ్బును చూపించే మందు, నయం చేసేది కాదు. వేరే స్కాన్ ఏమన్నా ఉందేమో మీ డాక్టర్‌ని అడగండి" అంది మెల్లగా.

"నీదేం జబ్బమ్మా?" అన్నాడు టైలర్. చెప్పాను. ఆయన పక్కకు జరిగి, "కూర్సో తల్లీ" అన్నాడు. భార్యను లోపలికి పిలిచేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.

ఆమె జబ్బు పేరు జాబితాలో కనిపించినందుకు నాకు నిజంగానే సంతోషమేసింది. నాది లేదన్న బాధ దాని పక్కనే ఉండిపోయింది. ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక్క మాట: ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, బయాప్సీ రిపోర్టులో ఉన్న మీ క్యాన్సర్ పేరును ఉన్నదున్నట్టు చదివి, అది వాళ్ల జాబితాలో ఉందా అని అడగండి. నేను అలా అడగక రోజంతా తిరిగాను. తిరుగు బస్సులో పలమనేరు దాటాక చెల్లెలికి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. అంతా విని, "ఇప్పుడు యాడుండావక్కా?" అంది.