లీలమ్మ పెన్‌డ్రైవ్ ఖాళీగా తిరిగి రాలేదు

మా చెల్లెలు లీలమ్మ ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపి ఎరగదు. పటాన్‌చెరులో కాపురం పెట్టిన నాటి నుంచి ఆ వీధిలో గిన్నెలు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాయి. పప్పు తెచ్చిన గిన్నెలో జామకాయలు వెళ్తాయి, జామకాయలు వెళ్లిన గిన్నెలో సకినాలు వస్తాయి. ఇంట్లో ఏమీ లేనినాడు చిటికెడు చక్కెరైనా వేసి పంపుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ ఇదే పట్టింపు. అది మంచి పట్టింపేనని నేను ఎప్పుడూ ఒప్పుకునేవాణ్ణే. 2007లో మాత్రం దాన్ని విచారణకు నిలబెట్టవలసి వచ్చింది.

లీలమ్మ కంప్యూటర్ ముందు కూర్చోవడం యాభై దాటాక మొదలుపెట్టింది. ఆమె భర్త కృపానందం పనిచేసే ఫ్యాక్టరీలో పాత యంత్రాలు వేలం వేస్తే, మనవడు ఆడుకుంటాడని ఒకటి ఇంటికి తెచ్చాడు. మనవడి వంతు రానేలేదు. లీలమ్మ ఒక్క వేలితో తెలుగు టైపు నేర్చుకుంది. పనికి ముందు తెరను కొంగుతో తుడిచేది, పని అయ్యాక పూలగుడ్డ కప్పేది. ఆ ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఆమె దాన్ని ఎన్నడూ కోరలేదు.

ఆమె టైపు చేసినవి పాటలు. భానూర్, రుద్రారం చుట్టుపట్ల మా చర్చి సంఘపు ఆడవాళ్లు నాట్లు వేస్తూ, కంపెనీ బస్సుల కోసం నిలబడి, సొంతంగా కట్టుకున్న భక్తి పాటలు అవి. అచ్చు పుస్తకాలలో ఎక్కడా లేవు. చర్చి స్వర్ణోత్సవానికి వాటిని పుస్తకంగా వేయాలని స్త్రీల సమాజం తీర్మానించింది. లీలమ్మ బస్సులెక్కి ఊరూరా తిరిగి, కొన్ని విని రాసుకుంది, కొన్ని వాళ్ల కాగితాలు అడిగి తెచ్చుకుంది. టైపు కాగానే ఎవరి కాగితం వారికి తిరిగి ఇచ్చేసింది. ఎంతమంది వాటిని దాచి ఉంటారో దేవుడికే తెలియాలి. కనుక ప్రెస్సుకు ఇచ్చిన నకలు కాక పుస్తకం మొత్తం ఉన్నది ఆ పాత యంత్రంలో మాత్రమే.

ఉత్సవం ఆదివారమనగా, ముందరి వారం ప్రెస్సు యజమాని ఆమె ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను కాగితంలో చుట్టి వెనక్కి పంపాడు. అందులో పాటలు తెరుచుకోలేదని, పైగా దాని వల్ల తన కంప్యూటర్లన్నీ ఆగి పెళ్లిపత్రికల పని నిలిచిపోయిందని, సోమవారం పొద్దున శుభ్రమైన సీడీ ఇస్తేనే పుస్తకం ఆదివారానికి అందుతుందని కబురు చేశాడు. అప్పటికే లీలమ్మ కంప్యూటర్‌లో పాటల ఫోల్డర్ తెరుచుకోవడం మానేసింది. నొక్కితే అలాంటిదే ఇంకో ఫోల్డర్ పుట్టుకొస్తోంది.

శనివారం ఉదయం నేనూ మా అమ్మాయి హన్నా సంగారెడ్డి నుంచి వెళ్లాం. హన్నా జిన్నారం దగ్గర మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో పనిచేస్తుంది. మా ఇంట్లో నెట్ ఉంది గనుక వైరస్‌లను ఏరివేసే ప్రోగ్రామునూ, విండోస్‌కు రావలసిన కొత్త మార్పులనూ ముందురోజే సీడీలలోకి ఎక్కించి పెట్టుకుంది.

"అన్నా, ఆ ప్రెస్సాయన కంప్యూటర్ నుంచే నాకు అంటింది. నా మీద ఏస్తుండు," అంది లీలమ్మ గుమ్మంలోనే.

"బావా, నన్నడుగు. ఫ్యాక్టరీల గ్యాస్ లీకైనా గింత పరేషాన్ గాలే. మూడొద్దుల సంది ఇంట్ల కూరల ఉప్పు లేదు," అన్నాడు కృపానందం.

"నువ్వు జెర ఊకో. ఉప్పు డబ్బా యాడుందో నీకు ఎర్కలేదా?"

సాక్ష్యం చూడకుండా ఎవరినీ తప్పుపట్టనని ఇద్దరికీ చెప్పి కుర్చీ లాక్కున్నాను.

హన్నా పూలగుడ్డ తీసి మడత పెట్టింది. లోపల ఉన్న వైరస్ కాపలా ప్రోగ్రాము గడువు ఎన్నడో తీరిపోయింది. "అత్తమ్మా, నీ వాచ్‌మన్ నిద్రవోయి శానా రోజులైంది," అని నవ్వి, యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరి ప్రోగ్రాములు మాత్రమే నడిచేలా తెరిచి, సీడీ నుంచి కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. అది ఒక్కొక్క ఫైలూ తడుముతూ మధ్యాహ్నం దాకా నడిచింది. పని పూర్తయి తెర మళ్లీ వెలిగేసరికి పాటల ఫోల్డర్ అసలు లేనేలేదు.

లీలమ్మ ముఖం వాడిపోయింది. "పోయినయా బిడ్డా? ఆళ్లందరికీ నేనేం జెప్పాలె?"

"పోలే అత్తమ్మా. ఇప్పుడు పోయింది దొంగ ఫోల్డర్. అసలుదాన్ని అది లోపల దాచిపెట్టి, దాని వేషం ఏసుకొని కూసున్నది. ఆగు."

హన్నా ఏవో రెండు గుర్తులు మార్చింది. తెర మీద వెలిసిపోయిన రంగులో ఒక ఫోల్డర్ తేలింది. తెరిచింది. పాటలన్నీ ఉన్నాయి. లీలమ్మ రెండు చేతులతో హన్నా తల పట్టుకుని ముద్దుపెట్టుకుంది. కృపానందం, "ఇగ ఇయ్యాల కూరల ఉప్పు పడ్తది," అన్నాడు.

ఆ సంతోషంలోనే లీలమ్మ చటుక్కున బీరువా తెరిచి, అట్టమీది బొమ్మ ఇందులోనే ఉందంటూ పెన్‌డ్రైవ్ తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చబోయింది. హన్నా ఆమె మణికట్టు పట్టుకుంది.

"దీన్ని ఎవరెవరికి ఇచ్చినవ్ అత్తమ్మా?"

"ఎవరికీ ఇయ్యలే. మా గల్లీల ఇందిరమ్మకు ఇచ్చిన, వీరలక్ష్మికి ఇచ్చిన, రుద్రారం సంగమ్మకు ఇచ్చిన. కొన్ని పాటలు పిల్లలతోని సదివిపిచ్చుకోనీకి అడిగిండ్రు."

"తిరిగి ఎట్ల ఇచ్చిండ్రు?"

లీలమ్మ ఆ ప్రశ్నకే నొచ్చుకుంది. "ఖాళీగ ఇస్తరా ఎవరన్న? ఏదో ఒకటి ఏసే ఇచ్చిండ్రు."

విచారణ అక్కడితో ముగిసింది. గిన్నె నియమాన్ని వాళ్లు పెన్‌డ్రైవ్‌కూ వర్తింపజేశారు. ఒకరు పిల్లల ఫొటోలు, ఒకరు ఆట, ఒకరు పండుగ కార్డు, ఎవరి కంప్యూటర్‌లో ఉన్నది వాళ్లు వేసి పంపారు. ఏ ఇంటి నుంచో వాటితోపాటు వైరస్ కూడా వచ్చింది. ప్రెస్సు యజమాని మాటలో నిజముంది. కానీ ఎవరికీ దురుద్దేశం లేదు.

"మొత్తం తుడిచేస్త," అంది హన్నా.

"వద్దు. పెట్టినోళ్లు ఏం పెట్టిండ్రో సూడకుండ పారబోస్తమా?"

హన్నా నా వంక చూసింది. లీలమ్మ అడిగినది న్యాయమేనని అన్నాను. హన్నా పెన్‌డ్రైవ్ తనంతట తాను తెరుచుకోకుండా కట్టడి చేసి, షిఫ్ట్ మీట నొక్కిపట్టి దాన్ని పెట్టి, ముందు పరీక్ష జరిపించింది. చెడ్డవన్నీ పోగా మిగిలినవాటిలో ఫోన్‌లో పట్టిన ఒక పాట ఉంది. దాన్ని వినిపించింది.

వెనకాల కోడి అరుపు, బోరింగ్ చప్పుడు. వాటి మధ్య సంగమ్మ గొంతు.

"నాటేసే నీళ్లల్ల నా మొకము సూసుకుంటె, నా ఎనక నిలవడ్డ నీ మొకమె అగుపించె..."

సంగమ్మ గొంతే అదంటూ లీలమ్మ తెర దగ్గరికి జరిగింది. రుద్రారం వెళ్లినప్పుడల్లా సంగమ్మ తనకు పాటలు రావని తలుపు చాటుకు తప్పుకునేదట. అడిగితే సిగ్గుపడిన మనిషి, తీసుకున్నది ఖాళీగా తిరిగి పంపలేక పిల్లలతో చెప్పి తన పాటను అందులో వేయించింది.

ఆ సాయంత్రమే లీలమ్మ ఒక్క వేలితో ఆ పాటనూ టైపు చేసింది. హన్నా పుస్తకమంతా సీడీలోకి ఎక్కించి ముగింపు వేసింది, ఇక దానిలోకి ఏదీ చొరబడకుండా. సోమవారం కృపానందం దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ప్రెస్సుకు తీసుకెళ్లాడు.

ఆదివారం చర్చిలో పుస్తకాలు పంచారు. చదువురాని సంగమ్మ, తన పాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని లీలమ్మను అడిగింది. చివరి పేజీ మీద లీలమ్మ వేలు పెట్టింది. ఆ వేలిని కదలనివ్వకుండా పట్టుకుని సంగమ్మ పాట అందుకుంది. ఈసారి తలుపు చాటు లేదు.

ఆరాధన అయ్యాక లీలమ్మ ఆడవాళ్లందరికీ గట్టిగా చెప్పింది: "గిన్నె నింపి పంపుండ్రి. పెన్‌డ్రైవ్ మాత్రం ఖాళీగ పంపుండ్రి. పాటుంటే నాకు ఎదురుంగ కూసొని పాడుండ్రి."

మరుసటి వారం, పాటల కోసం మళ్లీ అడిగి తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌ను ఇందిరమ్మ తిరిగి తెచ్చింది. ఆ పూట అక్కడే ఉన్న హన్నా పరీక్షించింది. అందులో లీలమ్మ పాటలు తప్ప ఏమీ లేవు. ఇందిరమ్మ రెండో చేతిలో మాత్రం మూత పెట్టిన స్టీలు డబ్బా ఉంది.

"ఉట్టిగ ఇయ్యనీకి మనసు ఒప్పలే వదినా," అంది. డబ్బా నిండా వేడి గారెలు.