చోలోమ్ పని

జోస్ పట్టణ శివార్లలో కోళ్ళకు ఫ్లూ సోకినప్పటి నుంచీ చోలోమ్ కనబడితే చాలు, ఆడవాళ్ళు తలుపులు వేసుకుంటున్నారు. పశువైద్యశాఖలో చిన్న ఉద్యోగం అతనిది. ఇంటింటికీ వెళ్ళి కోళ్ళను చంపాలి, గోతిలో వేసి సున్నం చల్లాలి. మాస్కు తాళ్ళు ఒరుసుకుని చెవుల వెనక పుళ్ళు పడ్డాయి. చేతుల నుంచి మందునీళ్ళ వాసన పోదు. ఇంటికి చేరితే జొన్నముద్ద ముందు కూర్చునే కునుకు తీస్తాడు.

ఆ రోజు ఒక ఇంటికి వెళ్తే ముసలి కనెంగ్, "నా దగ్గర కోళ్ళు లేవు నాయనా," అంది. మంచం కింద ఏదో గురగురమంది. వంగి చూస్తే, పాత గుడ్డలో చుట్టిన కోడిపెట్ట, తలంతా వాచి ఉంది.

"రాత్రి నా పక్కనే పడుకోబెట్టుకున్నా. ఇదొక్కటీ వదిలెయ్యి," అంది దగ్గుతూ.

చోలోమ్ దాన్ని పెరట్లోకి తీసుకుపోయాడు. పని ముగించి, చేతి తొడుగులు మార్చుకొచ్చి ఆమె నుదురు తాకాడు. కాలిపోతోంది.

"లే అమ్మా, ఆస్పత్రికి పోదాం. ఇది మనుషులకీ అంటుద్ది."

"దాన్ని చంపినోడివి, నన్ను బతికిస్తావా?"

"రెండూ ఒకటే పనమ్మా," అని ఆమె చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెట్టాడు. కనెంగ్ పెరటివైపు చాలాసేపు చూసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.