ఎడమకు ఒరిగే పడవ

మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, వారం ముందు మా చెల్లె యాదమ్మ ఫోన్ చేసింది. “అక్కా, పడవ ఎడమకు ఒరుగుతాంది. రెండుసార్లు నీళ్లు లోపలికొచ్చినయి. ఒక్కదాన్నే, భయమైతాంది. జర వచ్చిపో.”

నాకు పడవల సంగతి తెలియదు. మాది కట్టంగూర్ దగ్గర పత్తిచేల ఊరు. చెల్లెను కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున చేపలు పట్టే ఇంటికి ఇచ్చాం. పెళ్లయినప్పటి నుంచి మొగుడూ పెళ్లాం ఒకే పడవలో వేటకు పోయేవాళ్లు. ఆమె తెడ్డు వేసేది, మరిది బాలయ్య వల విసిరేవాడు. పోయిన వానకాలంలో అతను జ్వరంతో దవాఖానలో చనిపోయాడు. అప్పటి నుంచి యాదమ్మ కూలికి పోయి, ఇప్పుడే మళ్లీ నీళ్లమీదికి దిగింది. మిరుగు నాడు ఊరూరా చేపలు కొంటారు. అప్పటికి పడవ బాగుపడకపోతే ఆమెకు మళ్లీ కూలే గతి. అందుకే బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సుకు నల్లగొండ, అక్కడి నుంచి దేవరకొండ. ఆడవాళ్లకు టికెట్ సున్నా. ఆధార్ కార్డు మాత్రం చేతికందేటట్టు పెట్టుకోండి. నేను కొంగున ముడేసుకుంటే, విప్పేదాకా కండక్టర్ నిలబడాల్సి వచ్చింది.

“ఎంత దూరమవ్వా?”

“కొల్లాపూర్ అవతలికి బిడ్డా. చెల్లె పడవ ఒరిగిందట, చూడబోతున్న.”

“పడవల డాక్టర్‌వా ఏంది?” అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

దేవరకొండలో ఎవరినీ అడగకుండా బోర్డు చదివి బస్సెక్కాను. యాభై దాటినాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చినదాన్ని. ‘కల్వకుర్తి’ కూడబలుక్కునే సరికి డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. కిటికీ పక్కన మర్రిగూడ ఊరామె ఒకతె కూర్చుంది. సంగతి విని గొంతు తగ్గించింది. “మొగోడు పోయిన పడవ గదా వదినె, ఆయన ఇంకా ఒక పక్కన కూసున్నడేమో.” ఆ మాట తర్వాత బయటి చేలు చూస్తూ కూర్చున్నాను గానీ ఏమీ కనబడలేదు.

కల్వకుర్తి స్టాండులో సద్ది విప్పి జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాను. కొల్లాపూర్ చేరేసరికి నాలుగు దాటింది. ఆడినుంచి ఆటో, దానికి కిరాయి ఉంటుంది, నలుగురు కూడితే తక్కువ పడుతుంది.

ఆ రాత్రి చెల్లె ఇంట్లోనే పడుకున్నాను. తెల్లారి ఒడ్డుకు పోయాం. బాలయ్య అన్న సాయన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. వలలు, లంగరు, తెడ్డు, అన్నీ బయట పెట్టి ఖాళీ పడవను నీళ్లలోకి తోశాం. ఎవరూ ఎక్కలేదు. అయినా ఎడమకు ఒరిగింది. అంటే బరువు సర్దుకోవడంలో తప్పు కాదు. కుడి వైపు ఒక రాయి పెట్టి చూశాం. తిన్నగా అయింది. అంతలో గాలికి అల వచ్చింది, రాయి జారింది, పడవ మునుపటి కన్నా ఎక్కువ వంగింది.

“రాయిని నమ్మి పోతే రాయితోనే మునుగుతవు,” అన్నాడు సాయన్న.

“ఎండకాలంల బోర్లించి ఆరబెట్టలేదా?” అని అడిగాను. మిగతా పడవలన్నీ బోర్లా పడి, కొత్త తారుతో నల్లగా ఉన్నాయి.

సాయన్న చెప్పాడు. “మనిషి పోయిన ఏడాది ఆయన పడవను బోర్లించం వదినె. బోర్లిస్తే ఆయన వేట ముగిసినట్టే. ఇంకా ఏడాది నిండలె.”

అందుకే అది నెలల తరబడి ఎడమ పక్కకు వాలి బురదలోనే పడి ఉంది. ఎండ తగలలేదు, తారు పడలేదు.

యాదమ్మ పడవ అంచు పట్టుకుని నిలబడింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను.

“ఆయనది ముగిసింది బావా,” అన్నది. “నాది ముగియలె. పట్టుండ్రి.”

సాయన్న తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, వంగి పట్టాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. బోర్లించి అడుగు చెక్కలు ఊడదీస్తే, ఎడమ వైపు గట్టిబడిన ఒండ్రు బండలాగా కూర్చుని ఉంది. గోరుతో నొక్కితే ఆ వైపు చెక్క మెత్తగా దిగింది. ఇన్ని నెలలు తాగిన నీళ్లు. ఒండ్రు గీకి తీశాం. మెత్తబడ్డ పలక మార్చారు. నాలుగు రోజులు ఎండలో పెట్టి తారు పూశాం. నా చేతుల నలుపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మిరుగుకు ముందు రోజు పొద్దున నీళ్లలోకి దింపితే ఖాళీ పడవ తిన్నగా నిలిచింది. యాదమ్మ ఎక్కింది. మళ్లీ ఎడమకు వాలింది.

సాయన్న నా మొహం చూశాడు. నాకు మర్రిగూడ ఆమె మాట గుర్తొచ్చింది. తర్వాత చెల్లెను చూశాను. ఇన్నేళ్లూ కూర్చున్నట్టే ఎడమ అంచుకు ఒదిగి కూర్చుని ఉంది. కుడి వైపు, వల విసిరే మనిషి నిలబడే జాగా ఖాళీగా వదిలిపెట్టింది.

“యాదీ, నడిమికి జరుగు,” అన్నాను.

ఆమె ఆ జాగా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తెడ్డు ఒళ్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా జరిగింది. పడవ సర్దుకుంది.

మర్నాడు చీకటి ఉండంగనే ఆమె వేటకు పోయింది. నేను తిరుగు ప్రయాణమయ్యాను. ఆటో గుట్ట ఎక్కుతుంటే డ్రైవర్‌ను జర ఆపమన్నాను. కింద కృష్ణ మీద చిన్న చిన్న పడవలు. మా చెల్లెది ఏదా అని, ఎడమకు ఒరిగిన దాని కోసం వెతికాను. అన్నీ తిన్నగానే ఉన్నాయి. ఏది ఆమెదో గుర్తుపట్టకుండానే ఆటో ఎక్కాను.