గడియ పెట్టిన గదిలో పరీక్ష

ఎవరైనా కాఫీ ఇస్తే ముందు దాని వాసన చూసి, తర్వాత ఇచ్చినవాళ్ల మొహం చూసి, అప్పుడు గానీ తాగేవాడు కాదు ఆయన. పనిచేసే చోట అందరూ ‘అనుమానం గారు’ అనేవాళ్లు. ఆ ‘గారు’లో గౌరవమెంతో వెటకారమెంతో తేలక దాన్నీ అనుమానించేవాడు.

ఒకప్పుడు ఆయనది సైకిళ్ల పంక్చర్ షాపు. మేకు గుచ్చుకుందని ఎవరైనా ట్యూబు తెస్తే ఆ మాట నమ్మేవాడు కాదు. తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో కళ్లారా చూశాకే ప్యాచ్ వేసేవాడు. షాపు మూతపడ్డాక, గుండెకు వాడే స్టెంట్లు తయారుచేసే కంపెనీలో పరీక్షల గదిలో చేరాడు. చేర్పించింది మేనకోడలు. తల్లి పోయిన ఆ పిల్లను పెంచింది ఆయనే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే ఇల్లు.

గుండె నాళంలో పూడిక తీసేటప్పుడు ఒక్కోసారి నాళమే చిరుగుతుంది. కారిన రక్తం గుండె చుట్టూ చేరితే మనిషి దక్కడు. పల్చటి పొర తొడిగిన స్టెంటును లోపలికి పంపి, బెలూన్‌తో విప్పి ఆ చిరుగును మూస్తారు. నాళం మళ్లీ పూడుకుపోకుండా ఈ కంపెనీ ఆ పొర మీద మందు పూత కూడా వేస్తోంది. పూత వేసేది మేనకోడలు. మెత్తటి రబ్బరు నాళానికి చిల్లు పెట్టి, అందులో స్టెంటు విప్పి, గుండె కొట్టుకున్నట్టు ఎర్రనీళ్లు తోలి, కారుతోందా లేదా అని చూసేది మేనమామ. ఎవరైనా వచ్చి బల్ల కదిలిస్తారేమోనని తలుపుకు గడియ పెట్టుకునేవాడు.

ఒక్కటీ కారలేదు. ఆయనకు మనశ్శాంతి లేకుండా చేసింది అదే. ఎంత చెయ్యి తిరిగినవాడు వేసిన ప్యాచయినా ఎప్పుడో ఒకటి లేస్తుంది కదా, ఇక్కడ ఒక్కటీ లేవకపోవడమేమిటి? మంచివాటినే ఏరి తన గదికి పంపుతోందని అనుమానం మేనకోడలి మీదికి పోయింది. వచ్చే వారమే ఇవి మొదటిసారి ఆసుపత్రికి, మనుషుల గుండెల్లోకి వెళ్లబోతున్నాయి. పెంచిన పిల్లే ఈ పని చేస్తే కంచే చేను మేసినట్టు. అడగడానికి నోరు రాలేదు, అడక్కుండా అన్నం సయించలేదు. ఏదో వంక పెట్టుకుని పూత గదికి వెళ్లి డబ్బాల్లోకి తొంగిచూసేవాడు. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందో అనీ, నవ్వకపోతే ఏం దాస్తోందో అనీ కుమిలిపోయేవాడు.

అలాంటి రోజుల్లో కూర తరుగుతుంటే కత్తి జారి ఆయన కుడి బొటనవేలు తెగింది. మర్నాడు ఆ కట్టుతోనే, వేలును ఎడంగా పెట్టుకుని పరీక్షకు కూర్చున్నాడు. ఎర్రనీళ్లు కారాయి. ఇంకోటి పెట్టాడు. అదీ కారింది. దొంగ దొరికిందని ముందు సంతోషం కలిగింది, ఆ దొంగ ఎవరో గుర్తొచ్చాక అది నిలవలేదు. గడియ తీసి తన పై అధికారి ఇంజనీరమ్మనీ మేనకోడల్నీ పిలిచాడు.

“ఇన్నాళ్లూ ఏరి పంపావు. ఈసారి ఏరడం మర్చిపోయినట్టున్నావు,” అన్నాడు.

“నన్నేనా మామయ్యా అంటున్నావు?” అంది ఆమె.

ఇంజనీరమ్మ గొడవలోకి దిగలేదు. ఇదివరకు నెగ్గిన డబ్బాలోంచే ఒక స్టెంటు తెచ్చి, తమ ఎదురుగా పెట్టమంది. ఆయన పెట్టాడు, బెలూన్‌తో విప్పాడు. మాటల వేడిలో జాగ్రత్త మరిచాడేమో, కట్టు కట్టిన వేలు రబ్బరు నాళం మీదికి వెళ్లింది. నొప్పికి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎర్రనీళ్లు కారాయి.

“మామయ్యా, ఆ వేలు అక్కడికెందుకు వెళ్లింది?” అంది మేనకోడలు.

“ఎక్కడికి?”

“చిల్లు మీదికి. షాపులో ప్యాచ్ వేశాక అదిమేవాడివి చూడు, అలా.”

ఆయన తన వేలి వంక పరాయివాడి వేలిని చూసినట్టు చూశాడు. ఇంజనీరమ్మ మరో స్టెంటు విప్పి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కారింది. బయటినుంచి తన వేలితో అదిమి వదిలింది. ఆగిపోయింది. పూత వల్ల పొర అంచులు బిరుసెక్కి, వాటంతటవి నాళానికి అంటుకోవడం లేదు. ఇన్నాళ్లూ వాటిని అంటించింది ఆయన వేలే. మనిషి గుండెలో పెట్టడానికి ఆ వేలెక్కడ దొరుకుతుంది?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. లోకంలో అందరినీ అనుమానించిన మనిషికి తన చేతి మీద మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు. పక్కన ఎవరున్నా మొదటిరోజే పట్టుకునేవాళ్లు. ఎవరూ లేకుండా గడియ పెట్టుకున్నది తనే. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

స్టెంట్లు ఆసుపత్రికి వెళ్లడం ఆగిపోయింది. పాత పరీక్షలన్నీ రద్దయ్యాయి. పని మానేస్తానంటే ఇంజనీరమ్మ ఒప్పుకోలేదు గానీ, తలుపు గడియ మాత్రం ఊడదీయించింది.

సాయంత్రం ఇంట్లో మేనకోడలు కాఫీ తెచ్చి ముందు పెట్టింది. వాసన చూడకుండా తాగాడు. పంచదార లేదు. అడగకుండా అడుగుదాకా తాగేశాడు.

“నిన్ను అనవసరంగా అనుమానించానమ్మా,” అన్నాడు.

“తెలుసు. రేపటినుంచి నువ్వు పరీక్ష చేస్తుంటే నేను పక్కన నిలబడతాను.”

“నా మీద నమ్మకం లేదా?”

“లేదు మామయ్యా,” అని ఆయన చెయ్యి ఒళ్లోకి లాక్కుని, నెత్తురు అంటిన కట్టు విప్పి కొత్తది కట్టింది.