కుక్క కోసం చిట్టీ పాట

ఏప్రిల్ మొదటి సోమవారం పొద్దున ఎనిమిదింటికి వాగ్దేవి నుదుటికి ఇనుప చువ్వ గుచ్చుకుంది. శాలిబండలో బస్టాప్‌కు పోయే సందులో ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. వెనక నుంచి చువ్వలు బారెడు బయటికి వచ్చి ఉన్నాయి. చేతికర్ర నేల మీది రాయిని చెబుతుంది, గుంతను చెబుతుంది. మొహం ఎత్తులో ఉన్న ఇనుమును చెప్పదు. కనుబొమ్మ పైన నాలుగు కుట్లు పడ్డాయి. పది ఇరవైకి ఆమె ఆఫీసులో ఫోన్లు ఎత్తుతోంది.

ఆమెకు నలభై ఒకటి. పదహారో ఏట చూపు తగ్గడం మొదలై ఇరవై రెండుకు పూర్తిగా పోయింది. పద్దెనిమిదేళ్ళుగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్. పెళ్ళి కాలేదు. అన్న ముకుంద్ సందు చివరి గుడిలో అర్చకుడు. ఆ ఇంట్లోనే నైవేద్యం వండుతారు. ముందుగది వాగ్దేవిది, తండ్రి కాగితం మీద రాసిచ్చాడు. మిగతా ఇల్లు అన్నా వదినలది.

చూపులేనివాళ్ళను నడిపించే కుక్కలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి వేరే రాష్ట్రంలో ఉంది. ఫిబ్రవరిలో ఆమె సెలవు పెట్టి వెళ్ళి అక్కడ మూడు రోజులు నడిచి చూసింది. నోరా అనే రెండేళ్ళ నల్ల లాబ్రడార్ ఆమెకు కుదిరింది. మూడో రోజు శిక్షకుడు దారికి అడ్డంగా తల ఎత్తులో వెదురు గడ కడితే, కుక్క దాన్ని చూసి ఆగిపోయింది. ఖర్చు మొత్తం రెండు లక్షల నలభై వేలు. ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీసింది, దాచుకున్నది కలిపి లక్షా నలభై వేలు కట్టింది. మిగిలిన లక్ష ఏప్రిల్ ముప్పైలోగా కట్టాలి. కట్టకపోతే కుక్క జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతుంది.

ఆఫీసులోని ఉద్యోగుల సంఘాన్ని చందా అడిగింది. ప్రతి ఏటా వికలాంగుల దినోత్సవానికి ఆమెకు శాలువా కప్పే సంఘం అది. పదకొండు వందలు వచ్చాయి, దాంతో పాటు కొత్త కర్ర ఒకటి. ఇక మిగిలింది సందులోని ఆడవాళ్ళ చిట్టీ.

రుక్మిణమ్మ ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న చిట్టీ అది. ఇరవై వాటాలు, నెలకు ఐదు వేలు, మొత్తం లక్ష. ప్రతి నెలా రెండో ఆదివారం పాట. ఎవరు ఎక్కువ నష్టానికి ఒప్పుకుంటే లక్షలో అంత తగ్గించుకుని వాళ్ళు ఎత్తుకుంటారు. తగ్గిన సొమ్ములో రుక్మిణమ్మ కమిషన్ ఐదు వేలు పోగా మిగతాది వాటాకింత అని అందరూ పంచుకుంటారు. దానికో మినహాయింపు ఉంది. పెళ్ళికార్డు తెచ్చినా, ఆసుపత్రి చీటీ తెచ్చినా ఎవరూ పోటీ పాడరు. కమిషన్ ఒక్కటే పోయి తొంభై ఐదు వేలు చేతికొస్తాయి. పద్నాలుగేళ్ళుగా వాగ్దేవి ఇందులో ఉంది. ఒక్కసారి కూడా పాడలేదు. ఎవరి ఇంట్లో పెళ్ళయినా తప్పుకుంది, ఎప్పుడూ చివరి నెల ఎత్తుకుంది.

పాటకు ముందురోజు రుక్మిణమ్మ ఆమె గదికి వచ్చింది. "కంటి ఆపరేషన్ అని చెప్పు. నుదుటికి పట్టీ ఎట్లాగూ ఉన్నది. ఎవ్వరు నోరు తెరవరు."

"అబద్ధమెందుకు అత్తా? కుక్క కోసమే."

"కుక్క అంటే పాడుతరు."

"పాడనీ."

ఆదివారం రుక్మిణమ్మ వరండాలో పద్దెనిమిది మంది కూర్చున్నారు. వాగ్దేవి లేచి తనకు ఈ నెల చిట్టీ కావాలని, ఎందుకో ఉన్నదున్నట్టు చెప్పింది. గౌలిపుర నుంచి వచ్చి ఈ సందులో పాలు పోసే సక్కుబాయి మొదట నవ్వింది.

"రెండు లచ్చలు పెట్టి కుక్కనా? గంత పైసలకు పాలిచ్చే బర్రె వస్తది అమ్మా. కుక్కలే కావాల్నంటే మా గల్లీకి రా, ఫ్రీగ పది పంపిస్త."

నవ్వులయ్యాక వదిన గోదా గొంతు వినిపించింది. "నేనూ పాడుతున్న."

గోదాకు రెండు వాటాలున్నాయి. మొదటిది కూతురు అభిజ్ఞ కాలేజీ ఫీజుకని నవంబర్‌లో ఎత్తుకుంది. ఆ రోజు ఎవరూ పోటీ పాడలేదు.

"నీకిప్పుడు ఏం అవసరం వచ్చింది వదినా?"

"నాకున్న అవసరమల్లా నైవేద్యం వండే ఇంట్లకు కుక్క రావద్దని. ఇన్నేండ్లు చెయ్యి పట్టుకొని తొవ్వ చూపించినం. ఇప్పుడు కుక్క చూపించాల్నా?"

"మీరు చూపించిన తొవ్వ వంటింటి నుంచి నా గది దాక. నేను బస్టాప్ దాక పోవాలె."

రుక్మిణమ్మ ఐదు వేల దగ్గర పాట మొదలుపెట్టింది. గోదా ఎనిమిది అంది. వాగ్దేవి పది. గోదా పదిహేను. వాగ్దేవి పద్దెనిమిది. వరండాలో మిగతావాళ్ళు హుషారయ్యారు. పాట పెరిగినకొద్దీ వాళ్ళ వాటాకు వచ్చేది పెరుగుతుంది. "ఇంకో రెండు వేలు పెంచు గోదమ్మా" అని వెనక నుంచి ఎవరో ఎగదోశారు. గోదా ఇరవై ఎనిమిది అంది. వాగ్దేవి ముప్పై అంది. గోదా ఆగిపోయింది. వాగ్దేవికి వచ్చేది డెబ్బై వేలు, ఆమె వదలుకున్నది ముప్పై వేలు.

"ఇద్దరు జామీను సంతకం పెట్టండి" అంది రుక్మిణమ్మ. చిట్టీ ఎత్తినవాళ్ళు మిగిలిన వాయిదాలు ఎగ్గొట్టకుండా సభ్యుల్లో ఇద్దరు పూచీ ఉండాలి. జామీను లేకుండా డబ్బు చేతికి రాదు.

ఎవరూ లేవలేదు.

"సక్కుబాయీ?"

"నాతోని గాదమ్మా. కుక్క ఎవరినన్న కరిస్తే ఆమె జీతం దవఖానకే పోతది. చిట్టీ ఎవరు కడ్తరు?"

మిగతావాళ్ళు పొయ్యి మీద కూరో, బడి నుంచి వచ్చే పిల్లలో గుర్తొచ్చినట్టు లేచారు. ఆదివారం బళ్ళు లేవు. గోదా చెప్పులు వేసుకుంటూ, "అయితే రెండో పాట నాది కదా అత్తా" అంది.

"కాదు" అంది రుక్మిణమ్మ. "జామీను లేకపోతే పాట రద్దు. బుధవారం మళ్ళ పెడ్త."

ఏడేళ్ళ కిందట ఒకసారి రెండో పాటకు, అంటే తర్వాతి పెద్ద పాట పాడినవాళ్ళకు, ఇచ్చినందుకు పెద్ద లొల్లి అయింది. అప్పుడు అందరూ కూర్చుని ఈ నియమం పెట్టుకున్నారు. పట్టుబట్టి పెట్టించినవాళ్ళలో గోదా ఒకతె. ఆ సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

వాగ్దేవికి గుర్తొచ్చింది వేరే. ఆ చిట్టీలో నెలజీతం ప్రభుత్వం నుంచి వచ్చేది ఆమె ఒక్కదానికే. అందుకని జామీను కావలసినప్పుడల్లా అందరూ ఆమె గది తలుపే కొట్టారు. ఇప్పటివరకు ఎనిమిది మంది ఎత్తుకున్నారు. అందులో ఐదుగురికి ఆమె సంతకం ఉంది. చిట్టీ కట్టుబాటు ప్రకారం పూచీ ఉన్నవాళ్ళు రెండు రోజుల ముందు చెప్పి తప్పుకోవచ్చు. అప్పుడు ఎత్తుకున్నవాళ్ళు కొత్త జామీను తేవాలి, తేలేకపోతే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాలి. ఆ నెలకు అది మనిషికి యాభై ఐదు వేలు.

సోమవారం ఉదయం ఆ ఐదు జామీనులూ వదులుకుంటున్నట్టు రుక్మిణమ్మకు చెప్పింది. మధ్యాహ్నం భోజన విరామంలో ఐదు ఫోన్లు చేసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె వృత్తి అదే, తొందర లేకుండా మాట్లాడింది. మూడో ఫోన్ సక్కుబాయికి. జనవరిలో సక్కుబాయి బర్రె కోసం చిట్టీ ఎత్తుకుంది.

"బుధవారం నుంచి నీకు నా జామీను లేదు సక్కుబాయీ. వేరే మనిషిని చూసుకో."

"ఏందమ్మా గట్లంటవ్? కొన్న బర్రె ఇంకా ఈననే లేదు. యాడికెల్లి తేవాలె?"

"నాకు జామీను ఉండనంటివి కదా. నేనూ ఉండను."

"బెదిరిస్తున్నవా?"

"అవును."

"బుధవారం మనసు మారితే చెప్పు" అని వాగ్దేవి పెట్టేసింది.

ఐదో ఫోన్ వదినకు. అది రెండు నిమిషాలు సాగింది, రెండు నిమిషాలూ గోదానే మాట్లాడింది. సాయంత్రం ముకుంద్ చెల్లెలి గది ముందు నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఇంటి పరువు వరండాల పెట్టినవ్."

"వరండాల నా మీద పాడింది నీ భార్యే అన్నా."

"కుక్క వస్తే మడి ఎట్ల ఉంటది? నైవేద్యం ఎట్ల వండాలె?"

"నా గదికి వీధిలకు వేరే తలుపున్నది. నడిమి తలుపు మూసుకో."

"మూస్త. మేకు కొట్టి మూస్త."

"కొట్టు."

బుధవారం పదిహేడు మంది వచ్చారు. ఆదివారం ఎగదోసిన గొంతు ఈసారి లేదు. రుక్మిణమ్మ "ఐదు వేలు, వాగ్దేవి" అంది. ఆగి మరోసారి అంది. మూడోసారి అనేముందు గోదా వైపు చూసింది. గోదా గోడ వైపు చూస్తోంది. పాట అయిపోయింది. వాగ్దేవికి తొంభై ఐదు వేలు. ఆ నెల మిగతా వాటాలకు పైసా పంపకం రాలేదు.

"జామీను?"

సక్కుబాయి లేచి సంతకం పెట్టింది. "నా బర్రె ఈనేదాక నీ సంతకం తియ్యొద్దు" అంది. రెండో సంతకం కోసం అందరూ కూర్చున్నారు. జామీను తీసేస్తానన్న ఐదుగురిలో సక్కుబాయి, గోదా కాక తక్కిన ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు, పెట్టేవాళ్ళు పెడతారులే అన్నట్టు. చివరికి గోదా లేచింది. రుక్మిణమ్మ చేతిలోంచి పెన్ను లాక్కుని సంతకం చేసి, పెన్నును అరుగు మీదికి విసిరింది.

"యాభై ఐదు వేలు నా దగ్గర లేవు కాబట్టి పెడుతున్న. నీ మొహం చూసి కాదు."

"నాకు సంతకం చాలు" అంది వాగ్దేవి. రుక్మిణమ్మతో చెప్పి ఐదుగురి జామీనులూ ఎప్పటిలాగే ఉంచింది.

జీతంలోంచి ఐదు వేలు కలిపి మర్నాడే కేంద్రానికి లక్ష పంపింది. ముకుంద్ అన్న మాట ప్రకారం నడిమి తలుపుకు మేకులు కొట్టించాడు. వడ్రంగి కూలి సగం చెల్లెలిని అడిగాడు, ఆమె ఇవ్వలేదు. గదిలో ఒక మూలన గ్యాస్ పొయ్యి పెట్టుకుని సొంతంగా వండుకుంటోంది. సందులో ముగ్గురు ఆమెతో మాట్లాడటం మానేశారు. సక్కుబాయి పాలు పోస్తోంది కానీ గడప అవతలి నుంచి.

మే పదకొండు నుంచి రెండు వారాలు కుక్కతో కలిసి శిక్షణ. ఇరవై ఆరున నోరాతో తిరిగొస్తుంది. చిట్టీకి ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి.